కొత్త ఓడ: మెచ్చేవారు, నొచ్చుకునేవారు

ప్రశ్న: మా అబ్బాయి మమ్మల్ని ‘ఐకాన్ ఆఫ్ ద సీస్’ ఓడలో విహారానికి తీసుకువెళ్తానంటున్నాడు. దాని అమరిక అద్భుతమని కొందరు, ఓడలో ఉన్నా సముద్రం కనబడలేదని కొందరు అంటున్నారు. ఎవరిని నమ్మాలి?
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: ఇద్దరినీ నమ్మవచ్చు; తేడా వారు తీసుకున్న గదుల్లో ఉంది. 2024 జనవరిలో మయామి నుంచి తొలి ప్రయాణం చేసిన ఈ 20 అంతస్తుల ఓడ పొడవు సుమారు 365 మీటర్లు. దాని నడుమ నిజమైన మొక్కలతో, ఆకాశం కనబడేలా ఒక తోట పెంచారు. కొన్ని గదుల బాల్కనీలు ఆ తోటవైపే తెరుచుకుంటాయి కనుక, ‘బాల్కనీ’ అన్న మాట చూసి డబ్బు కట్టినవారికి తలుపు తీయగానే ఎదురుగా కనబడేది అవతలి వరుస గదులే. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, గాలికి ఎదురుగా నిలబడే అలవాటున్న మీకు అది రుచించదని నా అభిప్రాయం. చిన్నపిల్లలున్నవారు మెచ్చుకోవడానికీ కారణముంది: వారి ఆటస్థలం, నీళ్ల ఆటలు, తినుబండారాల కొట్లు వెనుకభాగంలో ఒకేచోట ఉన్నాయి.

కాబట్టి సముద్రంవైపు బాల్కనీయే అడగండి. ఓడ ఊపు ఒంటికి పడకపోతే ఓడ పొడవుకు మధ్యన, కింది అంతస్తులో గది మేలు. ఈతకొలనుల అంతస్తుకు సరిగ్గా కింద మాత్రం వద్దు. కుర్చీలు ఈడ్చే చప్పుడు నెత్తిమీదే వినిపించవచ్చు. మోకాళ్ల నొప్పులుంటే లిఫ్టుకు దగ్గరగా ఉన్న గదిని నక్షాలో చూసి ఎంచుకోమని అబ్బాయికి చెప్పండి.