అప్‌డేట్ అయ్యాక కూడా హైబర్నేట్ పాత విలువే ఎందుకు ఇస్తోంది?

జావా ఆబ్జెక్ట్‌లను డేటాబేస్ టేబుళ్ళతో కలిపే హైబర్నేట్ లైబ్రరీతో మీరు ఆర్డర్‌ను చదివి, జేపీక్యూఎల్ (ఆ ఆబ్జెక్ట్‌ల పేర్లతో రాసే క్వెరీ భాష) అప్‌డేట్‌తో స్టేటస్ మార్చి, అదే ట్రాన్సాక్షన్‌లో ఫైండ్‌బైఐడీతో మళ్ళీ తెచ్చుకుంటే పాత స్టేటసే వస్తోంది. సెకండ్ లెవెల్ క్యాష్ (అప్లికేషన్ అంతా పంచుకునేది) ఆన్ చేయనే లేదు, మరి ఈ పాత విలువ ఎక్కడిది, ప్రతిచోటా రిఫ్రెష్ (ఆబ్జెక్ట్‌ను డేటాబేస్ నుంచి మళ్ళీ చదివించడం) పెట్టాలా అని అడిగారు.

అది సెషన్‌లోనే, అంటే హైబర్నేట్ ఒక పని కోసం డేటాబేస్‌తో నడిపే సంభాషణలోనే, ఉండే ఫస్ట్ లెవెల్ క్యాష్ నుంచి వస్తోంది. దాన్ని ఆపేసే సెట్టింగ్ లేదు. ఒక సెషన్‌లో ఒక ఐడీకి ఒకే ఆబ్జెక్ట్ ఉంటుంది. జేపీక్యూఎల్ అప్‌డేట్ నేరుగా టేబుల్‌ను మారుస్తుంది, మెమరీలో ఉన్న ఆబ్జెక్ట్‌ను ముట్టుకోదు. ఎస్‌క్యూఎల్ లాగ్ పెట్టి చూడండి, రెండో ఫైండ్‌బైఐడీకి సెలెక్ట్ అసలు కనపడదు. ఇంకా తికమక పెట్టేది ఏమిటంటే, దాని బదులు సెలెక్ట్ క్వెరీ రాస్తే లాగ్‌లో సెలెక్ట్ కనపడుతుంది, డేటాబేస్ కొత్త విలువే పంపుతుంది, అయినా మీ చేతికి పాత ఆబ్జెక్టే వస్తుంది. ఆ ఐడీ తన దగ్గర ఇప్పటికే ఉంది కాబట్టి హైబర్నేట్ మిగతా కాలమ్‌లను పట్టించుకోదు. నాకు ఇది అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది.

మార్చేది ఒక్క ఆర్డరే అయితే జేపీక్యూఎల్ వద్దు. ఆబ్జెక్ట్ మీద సెట్‌స్టేటస్ పిలవండి చాలు, కమిట్ అప్పుడు అదే రాసుకుంటుంది. వందల వరుసలు ఒకేసారి మార్చాలంటే స్ప్రింగ్ డేటాలోని మాడిఫయింగ్ అనొటేషన్‌లో ఫ్లష్ ఆటోమేటికల్లీ (ఆగి ఉన్న మార్పులను ముందు డేటాబేస్‌కు పంపేది), క్లియర్ ఆటోమేటికల్లీ (తర్వాత సెషన్‌ను ఖాళీ చేసేది) రెండూ ట్రూ పెట్టండి. ఒక్క క్లియరే పెడితే ఇంకా డేటాబేస్‌కు వెళ్ళని వేరే మార్పులు పోవచ్చు. ప్రతిచోటా రిఫ్రెష్ పెట్టినా అదే ప్రమాదం, పైగా ప్రతిసారీ ఒక సెలెక్ట్ అదనం.

దీన్ని పాత విలువ కనపడే సమస్యే కదా అని వదిలేయకండి. నేను మాదాపూర్‌లో పనిచేసిన ఒక చోట, కూకట్‌పల్లి నుంచి మియాపూర్‌కు ఇల్లు మారిన ఒక కస్టమర్ రాత్రి పదకొండున్నరకు అడ్రస్ మార్చుకున్నారు. తెల్లారేసరికి పాత అడ్రస్సే ఉంది, పార్సిల్ పాత ఇంటికి పోయింది. అలాంటి ఫిర్యాదులు రోజూ వస్తుంటే మేమంతా టెన్షన్‌తో బయటి క్యాష్ అయిన రెడిస్ చుట్టూ తిరిగాం. చివరికి ఎస్‌క్యూఎల్ లాగ్‌లో దొరికింది. రాత్రి బ్యాచ్ పదకొండుకే కస్టమర్లందరినీ ఒకే సెషన్‌లోకి చదివి, ఒంటిగంటకు పాయింట్లు మార్చేది. మార్చింది ఒక్క కాలమే, కానీ హైబర్నేట్ మామూలుగా అప్‌డేట్‌లో అన్ని కాలమ్‌లూ రాస్తుంది. అలా రెండు గంటల నాటి అడ్రస్ కొత్తదాని మీద పడింది.

మీ పాత ఆర్డర్ ఆబ్జెక్ట్‌లో ఆ తర్వాత ఏ చిన్న ఫీల్డ్ మార్చినా ఇదే జరుగుతుంది, పాత స్టేటస్ మళ్ళీ టేబుల్‌లోకి ఎక్కుతుంది.

మేము బ్యాచ్‌ను 200 మంది చొప్పున విడగొట్టి, ప్రతి విడతకూ కొత్త ట్రాన్సాక్షన్, కొత్త సెషన్ పెట్టాం. కస్టమర్ టేబుల్‌కు వెర్షన్ కాలమ్ (వరుస మారిన ప్రతిసారీ హైబర్నేట్ పెంచే అంకె) చేర్చాం. మధ్యలో ఎవరైనా వరుసను మారిస్తే ఇప్పుడు వెర్షన్ కలవక ఆప్టిమిస్టిక్ లాక్ ఎక్సెప్షన్ అనే ఎర్రర్ వస్తుంది, ఆ విడతను మళ్ళీ నడుపుతాం. మీరూ వెర్షన్ పెడితే ఒకటి గుర్తుంచుకోండి, జేపీక్యూఎల్ అప్‌డేట్ దాన్ని తనంతట తాను పెంచదు. ఆ క్వెరీలోనే వెర్షన్‌కు ఒకటి కలపాలి.

క్లియర్ చేశాక కూడా పాతదే వస్తే, ఆ వరుసను మార్చింది వేరే ట్రాన్సాక్షనేమో చూడండి. మైఎస్‌క్యూఎల్ స్టోరేజ్ ఇంజిన్ ఇన్నోడీబీలో డిఫాల్ట్‌గా ఉండేది రిపీటబుల్ రీడ్ అనే పద్ధతి, కాబట్టి మీ ట్రాన్సాక్షన్ ముగిసేదాకా మామూలు సెలెక్ట్‌కు మొదట చదివినప్పుడు ఉన్న డేటానే కనపడుతుంది.