యూరోలు పోసి వ్యాకరణం కొనకండి

ప్రశ్న: నా వయసు 28. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. నెలకు చేతికి 85 వేలు వస్తాయి. ఇంటికి 20 వేలు పంపి, 10 వేలు సిప్ కట్టి, నా ఖర్చులు పోగా 23 వేల దాకా మిగులుతాయి. ఎఫ్‌డీలో 2.4 లక్షలున్నాయి. మా ప్రాజెక్ట్ స్పెయిన్ క్లయింట్‌ది. స్పానిష్ వస్తే మంచి రోల్ ఇస్తామంటున్నారు. బార్సిలోనాలో 8 వారాల కోర్సు, వసతి, విమానం అన్నీ కలిపి ఒక ఏజెంట్ 6.5 లక్షల ప్యాకేజీ చెప్పారు. 5 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. స్పానిష్‌లో ఒక్క ముక్క రాదు. ఈ నిర్ణయం సరైనదేనా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: స్పెయిన్ తప్పకుండా వెళ్లండమ్మా. కానీ ఇప్పుడే వద్దు, ఇలా అప్పు చేసి అసలే వద్దు.

ముందు ఈ ప్రయాణానికి నిజంగా ఎంతవుతుందో చూద్దాం. 5 లక్షల లోన్ 14 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 17,100 ఈఎంఐ. వడ్డీయే 1.15 లక్షలు. ఏజెంట్ కాగితంలో కనిపించని ఖర్చు ఇంకొకటి ఉంది. 8 వారాలంటే 40 పనిదినాలు. మీకు 18 రోజుల సెలవులు మిగిలి ఉన్నాయనుకున్నా, తక్కిన 22 రోజులకు జీతం రాదు. అంటే ఇంకో 85 వేలు పోయినట్టే. మొత్తం 8.5 లక్షలు. తిరిగొచ్చాక మీ 23 వేల మిగులులో ఆరు వేలే చేతిలో ఉంటాయి. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే మళ్లీ అప్పే. మూడేళ్లు ఆ టెన్షన్ దేనికి?

డబ్బు సంగతి పక్కన పెట్టినా, ఒక్క ముక్క రానప్పుడు వెళ్తే మొదటి నాలుగైదు వారాలు ‘నా పేరు ఫలానా, టైమెంత’ దగ్గరే గడిచిపోతాయి. ఆ పాఠాలు మన దగ్గర రూపాయల్లో దొరుకుతాయి. తార్నాకలోని ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం)లో స్పానిష్ నేర్పుతారు. స్పెయిన్ ప్రభుత్వ భాషా సంస్థ ఇన్‌స్టిట్యూటో సెర్వాంటెస్ ఢిల్లీ కేంద్రం ఆన్‌లైన్ క్లాసులు నడుపుతుంది. యూరోలు పెట్టి కొనాల్సింది అక్కడి మనుషులతో మాట్లాడే గంటల్ని. భాషా స్థాయిల్లో ప్రాథమికమైన ఏ2 దాటి, సొంతంగా మాట్లాడగలిగే బీ1లో అడుగుపెట్టాక వెళ్తే, దిగిన రోజు నుంచే ప్రతి యూరో ఆ గంటలకే పోతుంది.

ఏ ఊరు వెళ్లాలన్నది కూడా డబ్బు లెక్కే. బార్సిలోనా అందమైన ఊరు. కానీ అక్కడ వీధుల్లో, బోర్డుల మీద స్పానిష్‌తో పాటు కాటలాన్ అనే స్థానిక భాష చాలా ఉంటుంది. పైగా టూరిస్టులు కిటకిటలాడతారు, మీరు తడబడగానే ఎదుటివాళ్లు ఇంగ్లీషులోకి మారిపోతారు. నేనైతే సలమాంకా చెబుతాను. 1218లో మొదలైన విశ్వవిద్యాలయం ఉన్న చిన్న ఊరు, మాడ్రిడ్ నుంచి బస్సులో రెండున్నర గంటలు. ఊరంతా విద్యార్థులే కాబట్టి అద్దెలు, తిండి పెద్ద నగరాలంత ఉండవు. ఆగస్టులో మాత్రం వెళ్లకండి. స్థానికులు, విద్యార్థులు సెలవులకు పోతారు, క్లాసుల నిండా మీలాంటి విదేశీయులే మిగులుతారు. అక్టోబరు, నవంబరు లేదా ఫిబ్రవరి నుంచి మే దాకా మంచి కాలం.

వసతి దగ్గర మన పిల్లలు చేసే పొరపాటు ఒకటుంది. నా దగ్గరికి వచ్చే ఒక కుర్రాడు డబ్బు ఆదా అవుతుందని మొదటిసారి మనవాళ్లు నలుగురితో ఫ్లాట్‌లో దిగాడు. నెలంతా తెలుగే. రెండోసారి ఒక పెద్దావిడ ఇంట్లో ఉన్నాడు. మొదటి రోజు రాత్రి తొమ్మిదిన్నరకు భోజనాల దగ్గర ఆవిడ అతని ఆవకాయ సీసా చూసి ఇదేంటని అడిగిందట. మామిడికాయ, ఆవపిండి, నూనె అని చెప్పాలి. మాంగో వచ్చు. ఆవపిండికి ‘మొస్తాసా’, నూనెకు ‘ఆసెయిటె’ అని ఆవిడే అందించింది. ‘పీకా మూచో’, చాలా కారం అని ఇతను హెచ్చరించేలోపే వేలితో తీసి నాలుక మీద వేసుకుంది. ఆ రాత్రి నేర్చుకున్న మాటలు ఇంకా మర్చిపోలేదంటాడు. ఆ ఇల్లు ఫ్లాట్ కంటే ఖరీదే. అయినా ఈ ఖర్చు తగ్గించొద్దని గట్టిగా చెబుతున్నాను. ఆవకాయ పట్టుకెళ్లండి కానీ నెయ్యి, పాలకోవా వద్దు. మన దేశం నుంచి పాల పదార్థాలు, మాంసం ఈయూలోకి అనుమతించరు.

ఇక నా అంచనా. యూరోకు 105 రూపాయలు అనుకుందాం. నాలుగు వారాల ఫీజు 800 యూరోలు, ఒక కుటుంబంతో ఉండి రెండు పూటల తిండి 1,000, చేతి ఖర్చులు 400. మొత్తం 2,200 యూరోలు, అంటే 2.31 లక్షలు. విమానం 65 వేలు. వీసా, ఇన్సూరెన్స్, బస్సు 17 వేలు. అటూ ఇటూ అయినా 3.3 లక్షల్లో సరిపోతుంది. నాలుగు వారాలంటే 20 పనిదినాలే కాబట్టి సెలవులు దాచుకుంటే జీతమూ పెద్దగా పోదు. మీ మిగులులో 3 వేలు క్లాసులకు, 20 వేలు రికరింగ్ డిపాజిట్‌కు పెట్టండి. 16 నెలల్లో వడ్డీతో కలిపి 3.3 లక్షలు దాటుతుంది. ఇంత తక్కువ గడువుకు ఈక్విటీ ఫండ్లు వద్దు. సిప్ ఆపకండి, ఎఫ్‌డీ ముట్టుకోకండి. వీసాకు బ్యాంకు స్టేట్‌మెంట్లు చూపించేటప్పుడు ఆ ఎఫ్‌డీ, నెలనెలా పెరిగిన డిపాజిట్ మీకు బలం. చివరి వారంలో అప్పు తెచ్చి ఖాతాలో వేస్తే అనుమానపడతారు.

90 రోజుల లోపు కాబట్టి షెంజెన్ (స్పెయిన్‌తో పాటు చాలా యూరప్ దేశాలకు చెల్లే) షార్ట్ స్టే వీసా సరిపోతుంది. ఫీజు 90 యూరోలు, కనీసం 30 వేల యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు. వీసా రాకపోతే ఫీజు వెనక్కి ఇస్తారా అన్నది స్కూలుతో రాతపూర్వకంగా తేల్చుకున్నాకే డబ్బు పంపండి.

బ్యాంకు నుంచి నేరుగా స్కూలుకు పంపితే, ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటనంతవరకు టీసీఎస్ (డబ్బు కట్టేటప్పుడే ముందుగా పట్టుకునే పన్ను) ఉండదు. అదే టూర్ ప్యాకేజీగా కొంటే మొదటి రూపాయి నుంచే కోస్తారు. ఐటీ రిటర్న్‌లో తిరిగొచ్చినా అప్పటిదాకా మీ డబ్బు ఇరుక్కుపోతుంది. చేతి ఖర్చులకు జీరో మార్కప్ (విదేశీ కరెన్సీ ఖర్చుపై బ్యాంకు అదనంగా కోసే రుసుము లేని) ఫారెక్స్ కార్డు తీసుకోండి. మామూలు క్రెడిట్ కార్డుకు 3.5 శాతం మార్కప్, దానిపై 18 శాతం జీఎస్టీ కలిస్తే ప్రతి లక్షకూ 4,130 రూపాయలు ఊరికే పోతాయి. స్వైప్ చేసేటప్పుడు ‘రూపాయల్లోనా, యూరోల్లోనా’ అని మిషన్ అడిగితే యూరోలే నొక్కండి.

ఈ వారంలోనే ఒక పని చేయండి. ఆ రోల్‌కు ఏ2 సరిపోతుందా, బీ1 కావాలా, డెలె (స్పానిష్ భాషా పరీక్ష) సర్టిఫికెట్ అడుగుతారా అని మీ మేనేజర్‌ను మెయిల్‌లో అడిగి, జవాబు కూడా మెయిల్‌లోనే తీసుకోండి. భాషా శిక్షణకు కంపెనీ కొంత భరిస్తుందేమో హెచ్‌ఆర్‌ను కనుక్కోండి. సగం ఫీజు ఇస్తామన్నా మీ 16 నెలలు 14 అవుతాయి.