ముందు కాల్‌ని చూడటం నేర్చుకో

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

చిత్తూరులో ఇంట్లోనే ఉండి ఆన్‌లైన్‌లో వాయిస్ ఓవర్ ఐపీ, అంటే ఇంటర్నెట్ మీద ఫోన్ కాల్స్ నడిపే కోర్సు చేస్తానని నువ్వు అన్నప్పటి నుంచి మీ అమ్మకి టెన్షన్. బెంగళూరుకో చెన్నైకో పంపి హాస్టల్లో పెట్టాలా అని నాకు ఫోన్ చేసింది. అక్కర్లేదని చెప్పాను. ఈ పనికి కావలసిన ఎక్స్‌ఛేంజి మొత్తం ఒక పాత ల్యాప్‌టాప్‌లో పడుతుంది, నేర్చుకోవడం ఇంట్లోనే బాగా కుదురుతుంది. నేను తిరుపతిలో ఉండి ఇన్నేళ్లుగా చేస్తున్నదీ ఇదే. అయితే నువ్వు పంపిన సిలబస్‌లు చూశాక కొంత చెప్పాలనిపించింది.

సర్టిఫికెట్ మాట పక్కన పెట్టు. ఆ కోర్సులో నీ చేతే కాల్‌ని చెడగొట్టించి, నీ చేతే బాగుచేయిస్తారా లేదా అని అడుగు. రెండు ఫోన్ల మధ్య కాల్ కలపడం ఎవరైనా త్వరగా నేర్పేస్తారు. ఉద్యోగంలో నీ దగ్గరికి వచ్చేవి మాత్రం కలవని కాల్స్, మధ్యలో తెగే కాల్స్, ఒకవైపే వినపడే కాల్స్.

పాఠాలు పాతబడ్డాయేమో కూడా చూసుకో. కంప్యూటర్‌ని ఫోన్ ఎక్స్‌ఛేంజిగా మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆస్టరిస్క్‌ని మార్క్ స్పెన్సర్ 1999లో మొదలుపెట్టాడు, అప్పటి నుంచి దాని మీద వీడియోలు, నోట్సులు కుప్పలుగా పోగయ్యాయి. వాటిలో చాలామంది ఇప్పటికీ కాల్స్ కలిపే పాత మాడ్యూల్ చాన్‌సిప్ సెట్టింగులే తెరిచి చెబుతుంటారు. 2023లో వచ్చిన ఆస్టరిస్క్ 21లో ఆ మాడ్యూల్‌ని పూర్తిగా తీసేశారు. ఇప్పుడు ఆ పని చేసేది పీజేసిప్ అనే మాడ్యూల్. సిలబస్‌లో ఆ పేరే లేకపోతే ఫీజు కట్టొద్దు. నువ్వు పంపినవాటిలో రెండోది అలాంటిదే.

ఇక అసలు విషయం. ఇంటర్నెట్ కాల్‌లో రెండు వేర్వేరు ప్రయాణాలుంటాయి. కాల్ కుదిర్చే పద్ధతి పేరు సిప్, అది పెళ్లిళ్ల పేరయ్య లాంటిది. ఇటువాళ్ల సంగతి అటు చెప్పి, సంబంధం కుదిర్చి పక్కకి తప్పుకుంటుంది. మాటని మోసేది మాత్రం ఆర్‌టీపీ అనే ఇంకో పద్ధతి. సిప్ మామూలుగా 5060 పోర్టులో (పోర్టు అంటే కంప్యూటర్‌కి నంబరు వేసిన తలుపు లాంటిది) నడుస్తుంది, మాట వేరే పోర్టుల్లో, ఒక్కోసారి వేరే దారిలోనే పోతుంది. అందుకే రింగవుతుంది, అవతల ఎత్తుతారు, కానీ ఏమీ వినపడదు. ఇది ఎందుకో అర్థమైతే సగం పని వచ్చినట్టే.

కాల్ కుదుర్చుకునేటప్పుడు ఫోన్ ఎస్‌డీపీ అనే భాగంలో, మాటని ఫలానా అడ్రస్‌కి పంపమని రాస్తుంది. మీ ఇంట్లో వైఫై రౌటర్ వెనక ఉన్న ఫోన్ 192.168తో మొదలయ్యే అడ్రస్ రాసిందనుకో. అది ఆ ఇంట్లో చెల్లుతుందే గాని, బయట ఉన్న సర్వర్‌కి అక్కడికి దారి ఉండదు. నీ మాట వాళ్లకి చేరుతుంది, వాళ్ల మాట నీకు రాదు. నెట్ స్లో అని, హెడ్‌సెట్ పాడైందని అందరూ అనుకుంటారు. నువ్వు మాత్రం ఎస్‌డీపీలో ఆ ఒక్క వరుస చదివితే చాలు, జవాబు అక్కడే ఉంటుంది.

ఇంకోటి చెబుతాను, ఇది ఇంటర్వ్యూల్లో కూడా అడుగుతారు. ఎత్తాక మాటలు బాగానే వినపడతాయి, సరిగ్గా 32 సెకన్లకి కాల్ తెగిపోతుంది. ఎప్పుడు చేసినా 32 సెకన్లే. ఏం జరుగుతోందంటే, ఎత్తిన వైపు '200 ఓకే' పంపి, అందిందని చెప్పే ఏసీకే కోసం ఎదురుచూస్తుంది. అది రాకపోతే అర సెకనుకి, తర్వాత ఒక సెకనుకి, రెండు సెకన్లకి, ఆపైన నాలుగేసి సెకన్లకి అదే జవాబు మళ్లీ మళ్లీ పంపుతుంది. అర సెకనుకి 64 రెట్లు, అంటే 32 సెకన్లు దాటాక ఆశ వదులుకుని కాల్ కట్ చేస్తుంది. ఈ లెక్క 2002లో వచ్చిన సిప్ నియమాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3261లో ఉంది. కాబట్టి 32 అని వినగానే మాట దారిని వదిలేసి, ఏసీకే ఎక్కడ ఆగిందో వెతుకు. చాలాసార్లు, తర్వాతి సందేశాలు ఎక్కడికి పంపాలో చెప్పే కాంటాక్ట్ హెడర్‌లో తప్పు అడ్రస్ ఉంటుంది.

ఇవన్నీ కళ్లారా చూడటానికి, నెట్‌వర్క్‌లో పోయే సందేశాల్ని చూపించే ఎస్‌ఎన్‌గ్రెప్, వైర్‌షార్క్ అనే సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితమే. ల్యాప్‌టాప్‌లో డెబియన్ లినక్స్, దాని మీద ఆస్టరిస్క్ వేసుకో. నీ ఫోన్లో, మీ అమ్మ ఫోన్లో సాఫ్ట్‌ఫోన్ యాప్ (సిప్ కాల్స్ చేసే యాప్) పెట్టు. ఒక మంచి కాల్‌ని మొదటి నుంచి చివరిదాకా చూసి, ప్రతి వరుస నోట్‌బుక్‌లో రాసుకో. ఆ తర్వాత చెడగొట్టు. పాస్‌వర్డ్ తప్పు ఇవ్వు. ఫోన్లో ఒక కోడెక్ (మాటని అంకెలుగా మార్చే పద్ధతి), సర్వర్‌లో దానికి కలవని వేరే కోడెక్ పెట్టు, 'ఇది కుదరదు' అని 488 వస్తుంది. ఫైర్‌వాల్‌లో ఆర్‌టీపీ పోర్టులు మూసెయ్. అన్నట్టు, 401 చూసి కంగారుపడకు. పాస్‌వర్డ్ సరిగ్గా ఉన్నా మొదటిసారి 401 వస్తుంది, అది 'నువ్వెవరో రుజువు చూపించు' అని సర్వర్ అడిగే ప్రశ్న. జవాబు ఇచ్చాక కూడా 401 వస్తేనే తప్పున్నట్టు.

నెట్ స్పీడు గురించి దిగులు వద్దు. మామూలుగా వాడే జీ.711 కోడెక్‌లో మాటని ముక్కలు చేసి పంపే ప్యాకెట్లు సెకనుకి 50, హెడర్లతో కలిపి ఒక్కో వైపు సుమారు 80 కిలోబిట్లు, అంతే. ప్యాకెట్లు సమానమైన వ్యవధిలో వస్తున్నాయా లేదా అన్నదే ముఖ్యం.

ప్రోగ్రామింగ్‌కి పైథాన్ వచ్చు కదా, ప్రస్తుతానికి చాలు. బ్రౌజర్‌లోంచే కాల్ చేసే వెబ్‌ఆర్‌టీసీ తర్వాత చూద్దాం.

ప్రాజెక్ట్ మాత్రం మన ఊరిదే చెయ్యి. తిరుపతిలో ఒక లాడ్జికి ఐవీఆర్, అంటే 'తెలుగు కోసం ఒకటి నొక్కండి' అని పలికే ఫోన్ వ్యవస్థ అనుకో. ఫోన్ చేసేవాళ్లు తెలుగువాళ్లు, తమిళులు, కన్నడిగులు. భాష ఎంచుకున్నాక గది అద్దె అంకె చదివి వినిపించాలి. ఇక్కడే అసలు పని తెలుస్తుంది. వంద అని ఒకటి, ఇరవై అని ఒకటి రికార్డు చేసి అతికిస్తే 'వంద ఇరవై' అని వస్తుంది, మనం అనేది నూట ఇరవై. ఏయే ముక్కలు విడిగా రికార్డు చెయ్యాలో నువ్వే కూర్చుని తేల్చుకోవాలి. ఇంటర్వ్యూలో ఇది చూపిస్తే పది సర్టిఫికెట్ల పెట్టు.

రెండు విషయాల్లో గట్టిగా చెబుతున్నాను, విను. ఒకటి, నీ ల్యాబ్ సర్వర్‌ని ఎక్స్‌టెన్షన్ (లోపలి ఫోన్ నంబరు) 100, పాస్‌వర్డ్ 100 అని పెట్టి ఇంటర్నెట్‌కి తెరవకు. 5060 తెరిచి ఉన్న సర్వర్ల కోసం దొంగల ఆటోమేటిక్ ప్రోగ్రాములు రాత్రింబవళ్లు వెతుకుతుంటాయి. బయటి ఫోన్ నంబర్లకి కలిపే ట్రంక్ లైన్ కూడా ఉంటే, తెల్లారేసరికి విదేశీ కాల్స్ బిల్లు నీ నెత్తిన పడుతుంది. రెండోది, సిమ్ బాక్సుల పని. విదేశం నుంచి వచ్చే కాల్స్‌ని ఇక్కడి సిమ్ముల మీదుగా లోకల్ కాల్స్‌గా మారుస్తారు. మన దేశంలో అది నేరం, పోలీసు కేసు అవుతుంది. ఇంటి నుంచే పని, మంచి జీతం అని ఎవరైనా అడిగితే, ఎంత తెలిసినవాళ్లైనా ఒప్పుకోకు. మామూలు ఫోన్ నంబర్లతో కలపాలంటే లైసెన్సు ఉన్న ఆపరేటర్ దగ్గర సిప్ ట్రంక్ తీసుకోవడమే పద్ధతి.

మూడో కోర్సువాళ్లు డెమో క్లాసు ఇస్తామన్నారుగా, దానికి కూర్చో. 32 సెకన్ల ప్రశ్న అక్కడ అడుగు. సార్ వెంటనే ట్రేస్ (కాల్ సందేశాల రికార్డు) తెరుద్దాం అంటే చేరిపో. నెట్ ప్రాబ్లమ్ అయ్యుంటుందిలే అంటే డబ్బు కట్టకుండా నాకు ఫోన్ చెయ్యి, వేరేది వెతుకుదాం.

ఇట్లు,
మీ మామయ్య
తిరుపతి