పాత ల్యాప్‌టాప్‌కు కొత్త డిస్కు: విమానం ఎక్కే ముందే చూసుకోవలసిన సంగతులు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎమ్మెస్ చదువు కోసం టెక్సాస్‌కు బయలుదేరుతున్న ఒక విద్యార్థి అడిగిన సందేహం ఇది. "బీటెక్‌లో చేరినప్పుడు నాన్నగారు కొనిచ్చిన ల్యాప్‌టాప్ ఇప్పుడు తెరుచుకోవడానికే ఐదు నిమిషాలు తీసుకుంటోంది. కొత్తది హైదరాబాద్‌లోనే కొనుక్కుని రావాలా, లేక అక్కడికి వచ్చాక కొనుక్కోవాలా?" నేను టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో స్థిరపడి ఇరవై ఏళ్లు దాటింది. ఏటా ఆగస్టులో మా చుట్టుపక్కల అపార్టుమెంట్లలో దిగే పిల్లలు ఇదే ప్రశ్న అడుగుతారు. బ్యాంకు రుణం మీద వచ్చినవారు, చేతికి ఇంకా ఒక్క డాలరు సంపాదన రాకముందే, మొదటి నెలలోనే కొత్త ల్యాప్‌టాప్ మీద పెద్ద మొత్తం ఖర్చు పెట్టడం చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఎందుకంటే చాలా సందర్భాలలో నెమ్మదించింది యంత్రం మొత్తం కాదు, అందులోని హార్డ్ డిస్కు ఒక్కటే. దాన్ని మార్చుకుంటే అదే యంత్రం చదువు పూర్తయ్యేదాకా నిక్షేపంగా పనిచేస్తుంది.

పాత ల్యాప్‌టాప్‌లలో ఉండే హార్డ్ డిస్కు సాధారణంగా నిమిషానికి 5400 సార్లు తిరిగే పళ్లెం. అంటే సెకనుకు 90 చుట్లు. ఒక్కో చుట్టుకు పట్టే సమయం సుమారు 11 మిల్లీసెకన్లు. మనకు కావలసిన సమాచారం సూది కిందికి వచ్చేదాకా సగటున అందులో సగం సేపు ఆగాలి, సూది సరైన వరుసకు జరగడానికి మరికొంత సమయం పడుతుంది. అందువల్ల చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ఫైళ్లను అది సెకనుకు వంద కూడా వెతికి తేలేదు. విండోస్ తెరుచుకునేటప్పుడు, బ్రౌజరులో ఇరవై ట్యాబులు విప్పినప్పుడు జరిగేది సరిగ్గా అటువంటి వెతుకులాటే. దాని స్థానంలో వేసుకునే కొత్త రకం డిస్కు పేరు ఎస్‌ఎస్‌డీ, అందులో తిరిగే పళ్లెమూ లేదు, కదిలే సూదీ లేదు. సమాచారమంతా చిప్‌లలో ఉంటుంది కనుక అదే పనిని సెకనుకు పదుల వేల సార్లు చేయగలదు. అందుకే డిస్కు మార్చిన రోజున యంత్రం కొత్తదైపోయినట్లు అనిపిస్తుంది.

అయితే ఖర్చు పెట్టే ముందు మీ యంత్రంలో ఇప్పుడు ఉన్నదేమిటో చూసుకోండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పనితీరు చూపే పుటలో డిస్కు పేరు పక్కనే అది హెచ్‌డీడీయా (అంటే హార్డ్ డిస్కా), ఎస్‌ఎస్‌డీయా అన్నది రాసి ఉంటుంది. హెచ్‌డీడీ అని ఉండి, యంత్రం నెమ్మదించినప్పుడల్లా దాని వాడకం నూరు శాతానికి అంటుకుని ఉంటే జబ్బు దొరికినట్లే. ఎస్‌ఎస్‌డీ అని ఉండి, ర్యామ్ (పని జరుగుతున్నంతసేపు యంత్రం వాడే తాత్కాలిక జ్ఞాపకం) మాత్రం నిండిపోతూ ఉంటే మార్చవలసింది ర్యామ్. 4 జీబీ ర్యామ్‌తో ఈ రోజుల్లో ఎంత మంచి ఎస్‌ఎస్‌డీ వేసినా తృప్తి ఉండదు. కనీసం 8 జీబీ, కంప్యూటర్ సైన్స్ చదివేవారికి 16 జీబీ కావాలి.

ఇంకొక షరతు కూడా ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా ఎనిమిదో తరమో ఆ తరువాతిదో ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం ఉండాలి. మీది అంతకన్నా పాతదైతే డిస్కు మీద డబ్బు పెట్టవద్దని నా సలహా. విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వేసుకోవచ్చు కదా అనవచ్చు, కానీ ఇక్కడ కొన్ని విశ్వవిద్యాలయాలు పరీక్షల సమయంలో వాడే నిఘా బ్రౌజరు లైనక్స్ మీద నడవదు. యాపిల్ సొంత చిప్‌తో 2020 నుంచి వస్తున్న మ్యాక్‌బుక్‌లలో స్టోరేజీ బోర్డుకే అతికించి ఉంటుంది కనుక తరువాత మార్చే వీలు లేదు. అవి కొనేవారు ఎంత కావాలో కొనే రోజునే నిర్ణయించుకోవాలి.

ఎక్కువ మంది పొరపాటు పడేది డిస్కు రకం దగ్గర. పాత హార్డ్ డిస్కు ఉన్న చోట సరిపోయేది రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ. సాటా అంటే డిస్కును యంత్రానికి కలిపే పాత పద్ధతి, ఈ ఎస్‌ఎస్‌డీ సెకనుకు సుమారు 550 ఎంబీ చదువుతుంది. కొంచెం కొత్త యంత్రాలలో చూయింగ్ గమ్ పలక లాంటి ఎం.2 కార్డు పెట్టే స్లాటు ఉంటుంది. ఎం.2 అన్నది ఆకారం పేరు మాత్రమే, వేగం పేరు కాదు. అదే ఆకారంలో సాటా కార్డులూ వస్తాయి, అంతకన్నా వేగమైన కొత్త పద్ధతి ఎన్‌వీఎంఈ కార్డులూ వస్తాయి. మూడో తరం ఎన్‌వీఎంఈ సెకనుకు 3500 ఎంబీ దాకా, నాలుగో తరం 7000 ఎంబీ దాకా వెళతాయి. కొన్ని పాత ల్యాప్‌టాప్‌ల స్లాటు సాటా కార్డును మాత్రమే గుర్తిస్తుంది. మా అక్క కొడుకు ఈ తేడా తెలియక ఎన్‌వీఎంఈ కార్డు కొన్నాడు. అది స్లాటులో ఒదిగినట్లే కనిపించింది కానీ యంత్రానికి కనబడలేదు, చివరకు తిరిగి ఇచ్చేయవలసి వచ్చింది. పొడవు కూడా చూడాలి: 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు, కొన్ని చిన్న యంత్రాలలో 2242, 2230 మాత్రమే పడతాయి. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌ను డెల్, హెచ్‌పీ, లెనోవో వంటి సంస్థలు తమ వెబ్‌సైట్లలో ఉచితంగానే ఉంచుతాయి. దుకాణదారు మాట కన్నా అందులోని పుటనే నమ్మండి.

మీ యంత్రంలో సాటాకే అవకాశం ఉందని తెలిస్తే నిరాశ పడవద్దు. అసలు పెద్ద గెంతు హార్డ్ డిస్కు నుంచి ఎస్‌ఎస్‌డీకి మారడంలో ఉంది. సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారితే పెద్ద వీడియో ఫైళ్లతో పనిచేసేవారికి తేడా తెలుస్తుంది కానీ, అసైన్‌మెంట్లు రాసుకునేవారికి, కోడ్ రాసుకునేవారికి అంతగా తెలియదు. పరిమాణం విషయానికి వస్తే 512 జీబీకి తగ్గవద్దు, వీలైతే 1 టీబీ తీసుకోండి. డ్రైవులోని చిప్‌లలో టీఎల్‌సీ, క్యూఎల్‌సీ అనే రకాలు కనిపిస్తాయి, వాటిలో టీఎల్‌సీ ఎక్కువ మన్నుతుంది. ఎస్‌ఎస్‌డీ రాసి రాసి అరిగిపోతుందని భయపడేవారికి ఒక లెక్క చెబుతాను: మంచి 1 టీబీ డ్రైవులకు 600 టీబీ రాసేదాకా వారంటీ ఇస్తున్నారు, మీరు రోజుకు 30 జీబీ చొప్పున రాసినా అంత రాయడానికి యాభై ఏళ్లు దాటుతుంది.

ఇక ఎక్కడ కొనాలి? సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళితే ఒకే చోట పదుల కొద్దీ దుకాణాలు ఉంటాయి, అక్కడికక్కడే డిస్కు బిగించి ఇస్తారు, పనితనం కూడా మంచిదే. అమెరికాలో అదే పని దుకాణంలో చేయించుకుంటే కూలి ఖర్చు బాగా ఎక్కువ, ధర మీద అమ్మకపు పన్ను అదనం. టెక్సాస్‌లో చాలా ఊళ్లలో అది 8.25 శాతం. కానీ డ్రైవు పాడైతే వారంటీ కోసం దాన్ని కొన్న దేశానికే పంపవలసి రావచ్చు. కాబట్టి ప్రయాణానికి ఇంకా మూడు వారాలైనా ఉంటే హైదరాబాద్‌లోనే మార్పించుకోండి. కొత్త డ్రైవులో లోపం ఉంటే తరచుగా మొదటి కొద్ది రోజులలోనే బయటపడుతుంది, అప్పటికి మీరు ఊళ్లోనే ఉంటారు. అంత వ్యవధి లేకపోతే ఇక్కడికి వచ్చాక కొని, మీరే బిగించుకోండి.

ఏ దేశంలో కొన్నా బిల్లు తీసుకోండి, సీలు మీ ఎదుటే విప్పించండి. మొన్న సెలవులకు ఇండియా వెళ్లినప్పుడు మా నాన్నగారి ల్యాప్‌టాప్ కోసం ఒక దుకాణంలో ఎస్‌ఎస్‌డీ కొన్నాను. ఇంటికి వచ్చి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాముతో చూస్తే, కొత్తదని అమ్మిన ఆ డ్రైవు అప్పటికే నాలుగు వేల గంటలకు పైగా నడిచినట్లు తేలింది. బిల్లు ఉండబట్టి మార్చి ఇచ్చారు. ఆ ప్రోగ్రాము ఎన్ని గంటలు నడిచిందో, ఎంత సమాచారం రాశారో రెండూ చూపిస్తుంది. కొత్త డ్రైవులో ఆ అంకెలు దాదాపు సున్నా దగ్గర ఉండాలి.

సమాచారాన్ని పాత డిస్కు నుంచి కొత్తదానికి మార్చడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పోతే తిరిగి రానిది ఇదొక్కటే. ముందుగా ఉస్మానియా లేదా జేఎన్‌టీయూ మార్కుల మెమోలు, ట్రాన్స్‌క్రిప్టులు, ఐ-20 (విశ్వవిద్యాలయం ఇచ్చే ప్రవేశ పత్రం), పాస్‌పోర్టు, రుణ పత్రాల స్కాన్ ప్రతులను ఒక పెన్‌డ్రైవులోనూ, ఒక క్లౌడ్ ఖాతాలోనూ వేరుగా దాచండి. తరువాత బిట్‌లాకర్, అంటే డిస్కుకు విండోస్ వేసే తాళం సంగతి. విండోస్ 11 ఉన్న చాలా ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే డిస్కు దానంతట అదే తాళం వేసుకుంటుంది, దాని 48 అంకెల రికవరీ కీ ఆ ఖాతాలో భద్రమవుతుంది. డిస్కు మార్చినప్పుడో, బయోస్‌లో (యంత్రాన్ని మొదట మేల్కొలిపే అమరికలలో) ఏదైనా మార్చినప్పుడో యంత్రం ఆ కీ అడగవచ్చు. ఖాతాలోకి వెళ్లి తెచ్చుకుందామంటే ఓటీపీ మీ హైదరాబాద్ ఫోన్ నంబరుకు వెళుతుంది. ఆ సిమ్ రీఛార్జి లేక ఆగిపోయి ఉంటే, లేదా అమ్మగారి ఫోనులో ఉండి అక్కడ అర్ధరాత్రి అయి ఉంటే, మీరు మీ యంత్రం ముందే నిస్సహాయంగా కూర్చోవలసి వస్తుంది. సెమిస్టరు పరీక్షల వారంలో ఇలా చిక్కుకున్న ఒక అమ్మాయిని నేను చూశాను. దయచేసి బయలుదేరక ముందే ఆ కీని కాగితం మీద రాసి పాస్‌పోర్టుతో పాటు పెట్టుకోండి, ఖాతాకు ఒక ప్రత్యామ్నాయ ఈమెయిల్ జత చేయండి, క్లోన్ చేసే (డిస్కు మొత్తాన్ని ఉన్నదున్నట్లు కొత్తదానికి నకలు తీసే) ముందు బిట్‌లాకర్‌ను పూర్తిగా తీసివేయండి.

క్లోన్ చేయడానికి కొత్త డ్రైవును ఒక యూఎస్‌బీ కేసులో పెట్టి ల్యాప్‌టాప్‌కు తగిలించి, ఆ డ్రైవు తయారీదారు ఇచ్చే ప్రోగ్రాముతోనో, క్లోన్‌జిల్లా అనే ఉచిత ప్రోగ్రాముతోనో నకలు తీయవచ్చు. నా మట్టుకు నేను, నాలుగైదేళ్ల చెత్త పేరుకున్న యంత్రమైతే, క్లోన్ కన్నా విండోస్‌ను కొత్తగా ఎక్కించుకోవడమే మేలంటాను. విండోస్ డిజిటల్ లైసెన్సు ప్రధానంగా మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది, డిస్కు మార్చినంత మాత్రాన పోదు. పదకొండో తరం ఇంటెల్, ఆ తరువాతి యంత్రాలలో ఎక్కించేటప్పుడు కొత్త డ్రైవు కనబడకపోతే కంగారుపడవద్దు. మీ మోడల్ పేజీలో దొరికే ఇంటెల్ స్టోరేజీ డ్రైవరును ముందే పెన్‌డ్రైవులో వేసుకుని అక్కడ చూపిస్తే చాలు.

బిగించడం అరగంట పని. ఛార్జరు తీసి, వెనుక మూత విప్పగానే మొట్టమొదట బ్యాటరీ తీగను ఊడదీయండి. స్క్రూలు ఏ రంధ్రానివి ఆ వరుసలో కాగితం మీద పెట్టుకోండి, పొడవులు వేరుగా ఉంటాయి. మూత అంచు రాకపోతే బలవంతంగా లాగవద్దు, ఎక్కడో ఒక స్క్రూ మిగిలి ఉంటుంది.

తీసిన పాత డిస్కును దుకాణంలో వదిలి రావద్దు. ఫైళ్లు చెరిపేసినా వాటిని తిరిగి తీయగల ప్రోగ్రాములు ఉన్నాయి. కనీసం నెల రోజులు దానిలో ఏదీ చెరపకుండా అలాగే ఉంచండి. హైదరాబాద్‌లోనే మార్పించుకుంటే, బయలుదేరే ముందు ఆ రెండున్నర అంగుళాల డిస్కును యూఎస్‌బీ కేసులో బిగించి, మీ పత్రాలు, ఫొటోల నకలుతో హైదరాబాద్‌లోని ఇంటి బీరువాలో పెట్టి రండి. దాన్ని ల్యాప్‌టాప్‌కు ఎలా తగిలించాలో, ఏ ఫోల్డరులో ఏముందో బయలుదేరే ముందు రోజు నాన్నగారికి ఒకసారి చూపించండి.