వాడకపోతేనే పాడయ్యే ప్రింటర్

ప్రశ్న: మా ఇంట్లో ఆరు రంగుల ఇంక్‌జెట్ ఫోటో ప్రింటర్ ఉందండీ, ఏడేళ్లయింది. ఈ మధ్య ఏ ఫోటో తీసినా మొహాల మీద సన్నగా అడ్డగీతలు వస్తున్నాయి. హెడ్ క్లీనింగ్ ఐదారుసార్లు కొట్టాను, ఇంక్ అయిపోయింది గానీ గీతలు పోలేదు, ఇప్పుడేమో ఇంక్ ప్యాడ్ నిండిందని మెసేజ్ పెట్టి అసలు ప్రింటే ఇవ్వట్లేదు. మేం రెండు మూడు నెలలకోసారి ఫోన్లో ఫోటోలు ఏరుకుని ముప్పయ్యో నలభయ్యో ఒకేసారి 4×6 సైజులో తీసి ఆల్బమ్‌లో పెట్టుకుంటాం. వేరే ప్రింట్లు పెద్దగా ఉండవు. కొత్తది ఏది తీసుకోమంటారు? 5760 డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలట) ఉన్నదా, ఇంక్ సీసాతో పోసుకునే ట్యాంక్ ఉన్నదా?

జవాబు: మీ ప్రశ్నలో అసలు విషయం డీపీఐ దగ్గర లేదండీ, ఆ "రెండు మూడు నెలలకోసారి" అన్న మాట దగ్గర ఉంది. మీ ప్రింటర్ ఎక్కువ వాడి పాడవలేదు, వాడకపోవడం వల్లే పాడైంది. ఇంక్‌జెట్ హెడ్‌లో ఇంక్ చిమ్మే రంధ్రాలు (నాజిల్స్) వెంట్రుక కంటే సన్నం, అందులో ఇంక్ వారాల తరబడి కదలకుండా ఉంటే ఎండి గడ్డకడుతుంది. మీరు క్లీనింగ్ కొట్టిన ప్రతిసారీ ప్రింటర్ హెడ్ లోంచి ఇంక్ బలవంతంగా లాగి అడుగున ఉన్న స్పాంజిలోకి పోస్తుంది (ఇంక్ ప్యాడ్ అంటే అదే), అంటే మీ ఇంక్ అంతా పోయింది అక్కడికే, ప్యాడ్ నిండిందన్న మెసేజ్ కూడా అందుకే తొందరగా వచ్చింది. సర్వీస్ వాళ్లు ప్యాడ్ మార్చి, అది ఎంత నిండిందో లెక్కపెట్టే కౌంటర్ రీసెట్ చేస్తారు గానీ ఏడేళ్ల మెషిన్, పైగా హెడ్ మూసుకుపోయింది, నేనైతే దానిమీద ఇంక పైసా పెట్టను.

ఇంకో మాట, ప్రింటర్‌ని గోడ దగ్గర స్విచ్‌తో ఆపేస్తున్నారా? నా మొదటి ప్రింటర్‌ని నేను అలాగే చంపుకున్నాను. ప్రింటర్ మీద ఉన్న బటన్ నొక్కితే హెడ్ పక్కకెళ్లి రబ్బరు మూత మీద కూర్చుంటుంది, ఆ తర్వాతే ఆగుతుంది. ప్రింట్ మధ్యలోనో అయిన వెంటనేనో నేరుగా కరెంట్ తీసేస్తే హెడ్ ఎక్కడున్నది అక్కడే నోరు తెరుచుకుని ఆరిపోతూ ఉంటుంది. నాకది తెలిసేసరికి ఏడాది దాటింది.

సరే, కొత్తది. మీ అలవాటు మారదనుకుంటే (మారదు, నాదీ మారలేదు) డై సబ్లిమేషన్ ప్రింటర్ చూడండి, కానన్ సెల్ఫీ లాంటివి. ఇందులో ద్రవంగా ఉండే ఇంక్ అసలుండదు, ఎండేదీ లేదు, మూసుకుపోయేదీ లేదు. ఒక రిబ్బన్ ఉంటుంది, వేడికి దాని మీద రంగు ఆవిరై కాగితంలోకి ఎక్కుతుంది. పేపర్ నాలుగుసార్లు లోపలికెళ్లి బయటికొస్తుంది, మొదట పసుపు, తర్వాత మెజెంటా, తర్వాత సయాన్, చివర్న పైన పారదర్శకంగా ఒక కోటింగ్. మొదటిసారి ఫోటో అంతా పచ్చగా కామెర్లొచ్చినట్టు బయటికొస్తే కంగారుపడకండి. ప్రతి రౌండ్‌లో పేపర్ వెనక్కి కూడా పొడుచుకొస్తుంది కాబట్టి ప్రింటర్‌ని గోడకి ఆనించి పెట్టకూడదు.

దానికి 300 డీపీఐ అనే రాసి ఉంటుంది, 5760 పక్కన చూస్తే మోసంలా అనిపిస్తుంది కానీ కాదు. ఇంక్‌జెట్‌లో చుక్క పడడమా పడకపోవడమా అన్నట్టే ఉంటుంది, లేత రంగు కావాలంటే చిన్న చిన్న చుక్కలు దూరం దూరంగా చల్లాలి, అందుకే అన్ని వేల చుక్కలు. డై సబ్‌లో వేడి పెంచి తగ్గించి ఒకే చుక్కని ముదురుగానో లేతగానో చేసేయొచ్చు. ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చడమే తప్పు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఇంట్లో వాడేవాటిలో చాలావరకు పోస్ట్‌కార్డ్ సైజు దాటి రాదు, ఎ4 ఆశ వదులుకోవాలి. రిబ్బన్, పేపర్ కలిపి లెక్క ప్రకారం ఒకే సెట్‌గా వస్తాయి, ఫోటోలో ముప్పావు వంతు తెల్ల ఆకాశమే ఉన్నా ఒక ఫోటోకి పట్టే రిబ్బన్ మొత్తం ఖర్చయిపోతుంది. అయిపోయిన రిబ్బన్ వెలుగులో పెట్టి చూస్తే మీరు ప్రింట్ చేసిన ప్రతి ఫోటో నెగెటివ్‌లా కనపడుతుంది, పారేసేముందు ముక్కలు చేసెయ్యండి.

వారానికోసారైనా ప్రింట్ తీస్తాం, పెద్ద సైజు కూడా కావాలి అంటే అప్పుడు ఆరు రంగుల ఇంక్ ట్యాంక్ తీసుకోండి, ప్రింట్ ఒక్కోదానికి ఖర్చు బాగా తగ్గుతుంది. కొనేముందు రెండే చూడండి: వేస్ట్ ఇంక్ ప్యాడ్ మనమే మార్చుకునేలా ఉందా, వెనక నుంచి మందపాటి పేపర్ పెట్టే వీలుందా. కొన్నాక వారానికోసారి అన్ని రంగులూ ఉన్న ఫోటో ఒకటి చిన్నదైనా తీస్తూ ఉండాలి, నల్ల అక్షరాల పేజీ తీస్తే మిగతా రంగులకి ఒరిగేదేం లేదు.

ప్రశ్న: ఫోన్లో గ్రూప్ ఫోటో బాగానే ఉంటుంది, 4×6 లో తీస్తే వెనక వరస వాళ్ల తలలు తెగిపోతున్నాయి. ప్రింటర్ మార్చాలా?

జవాబు: అక్కర్లేదండీ. ఫోన్ కెమెరాలు మామూలుగా 4:3 నిష్పత్తిలో (వెడల్పు, ఎత్తు) తీస్తాయి, 4×6 పేపరేమో 3:2. ఆరంగుళాల వెడల్పుకి మీ ఫోటో నిజానికి నాలుగున్నర అంగుళాల ఎత్తుండాలి, పేపర్ నాలుగే కాబట్టి పైనా కిందా కలిపి అరంగుళం పోతుంది. ఫోన్లో ఫోటో తీసేటప్పుడే తలల పైన కాస్త ఖాళీ వదలండి. ఇప్పటికే తీసినవైతే ప్రింట్ ఇచ్చేముందు మీరే 3:2 కి క్రాప్ చేసుకోండి, తలలు ఉంచి కాళ్లు కొయ్యండి. అదీ కుదరకపోతే బోర్డర్‌లెస్ (అంచు లేకుండా ప్రింట్ చేసే ఆప్షన్) తీసేసి, ఫోటో మొత్తం పేజీలో పట్టేలా ఫిట్ ఆప్షన్ పెట్టి తెల్ల అంచుతో తియ్యండి.