యూరోపియన్ యూనియన్ చదువుతో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది వరంగల్. బీఏ పొలిటికల్ సైన్స్ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. యూరోపియన్ యూనియన్‌లో కొత్త దేశాలు చేరడం, అక్కడి రాజ్యాంగ సంస్కరణలు నాకు ఇష్టమైన సబ్జెక్టు. పీజీ అందులోనే చేయాలనుంది. నాన్న గ్రూప్స్ రాయమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు కష్టమైన సంగతి చెబుతాను. యూనియన్ పాలన చూసే యూరోపియన్ కమిషన్‌లో శాశ్వత ఉద్యోగానికి సాధారణంగా ఏదో ఒక సభ్యదేశ పౌరసత్వం ఉండాలి. డిగ్రీ అక్కడ చేసినంత మాత్రాన ఆ తలుపు తెరుచుకోదు. ఇది తెలిసే అడుగు వేయండి.

సబ్జెక్టు మాత్రం వదులుకోవద్దు. ఉత్తర మాసిడోనియానే తీసుకోండి. 2005లోనే యూనియన్‌లో చేరడానికి అభ్యర్థి దేశమైంది. మాసిడోనియా అనే పేరు మీద సభ్యదేశం గ్రీస్‌కున్న అభ్యంతరం తీర్చడానికి 2019లో రాజ్యాంగం సవరించి దేశం పేరే మార్చుకుంది. మరుసటి ఏడాది మరో సభ్యదేశం బల్గేరియా అడ్డుపడింది. 2022లో చర్చలు లాంఛనంగా మొదలయ్యాయి, కానీ రాజ్యాంగంలో పేర్కొన్న జాతుల జాబితాలో బల్గేరియన్లను కూడా చేర్చాలన్న షరతు వచ్చింది. ఈ సవరణకు 120 మంది సభ్యుల అక్కడి పార్లమెంటులో మూడింట రెండొంతుల మంది, అంటే 80 మంది, ఒప్పుకోవాలి. పేరు మార్చుకున్నాక కూడా ఇంకో షరతా అని అక్కడి జనం అడగడంలో నాకు న్యాయం కనిపిస్తుంది.

దీనికి మూలం యూనియన్ ఒప్పందంలోని 49వ అధికరణం. కొత్త దేశం చేరాలంటే సభ్యదేశాలన్నీ ఒప్పుకోవాలి. ఈ నిబంధన తీసేయాలన్నా ఒప్పందాన్ని మార్చాలి, దానికీ అందరి సమ్మతి కావాలి. ఒప్పందం మార్చడం ఎంత కష్టమో చూడండి. 2005లో ఫ్రాన్స్, నెదర్లాండ్స్ ప్రజలు యూరప్ రాజ్యాంగ ఒప్పందాన్ని తిరస్కరించారు. అందులోని చాలా అంశాలు లిస్బన్ ఒప్పందం రూపంలో 2009 డిసెంబరు 1న అమల్లోకి వచ్చాయి.

ఈ సెలవుల్లో 49వ అధికరణం చదవండి, రెండు పేరాలే. తర్వాత మాసిడోనియా కేసు మీద నాలుగు పేజీల నోట్ రాయండి. ఎవరి సంతకం ఎక్కడ కావాలో, ఏ మెట్టు దగ్గర ఆగిందో తేల్చి చెప్పాలి. రాస్తుంటే టైమ్ తెలియకపోతే ఈ రంగం మీదే. రేపు స్కాలర్‌షిప్‌కీ, ఇంటర్న్‌షిప్‌కీ ఆ నోటే చూపించవచ్చు.

ఉద్యోగాలు ఎక్కువగా మన దగ్గరే ఉన్నాయి. యూరప్ క్లయింట్లున్న హైదరాబాద్ కంపెనీలకు అక్కడి డేటా రక్షణ చట్టం తెలిసినవాళ్లు కావాలి. ఉక్కు, అల్యూమినియం పంపే ఎగుమతిదారులకు యూరప్ కార్బన్ సుంకం, అంటే సరుకు తయారీలో వెలువడే కార్బన్‌ను బట్టి వేసే రుసుము, కొత్త టెన్షన్. ఢిల్లీ పాలసీ సంస్థలు, రాయబార కార్యాలయాలు కూడా ఉన్నాయి. అయితే వీటికి లా లేదా ఎకనామిక్స్ తోడుంటేనే బలం. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేసి, ఆ తర్వాత యూరప్ చట్టాల్లో మాస్టర్స్‌కు వెళ్లడం నా దృష్టిలో మేలు. నేరుగా పీజీయే కావాలంటే జేఎన్‌యూలో యూరప్ అధ్యయన కేంద్రం ఉంది.

నాన్నగారి మాట కొట్టిపారేయకండి. సివిల్స్‌లో పొలిటికల్ సైన్స్, అంతర్జాతీయ సంబంధాలు ఆప్షనల్‌గా ఉన్నాయి. ఐఎఫ్ఎస్ (విదేశాంగ సర్వీసు) వస్తే ఇదే యూనియన్‌తో మన దేశం తరఫున మాట్లాడే అవకాశం ఉంటుంది. ఆ సిలబస్ ఒకసారి ఆయన పక్కన కూర్చుని చూపించండి. యూరప్‌లో మాస్టర్స్‌కు యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ మీద ఆశ ఉంటే అక్టోబరుకల్లా పాస్‌పోర్టు, ఇంగ్లిష్ పరీక్ష స్కోరు, ఇద్దరు లెక్చరర్ల సిఫారసు లేఖలు సిద్ధంగా పెట్టుకోండి. ఎక్కువ కోర్సుల దరఖాస్తులు అక్టోబరు, జనవరి మధ్యే ఉంటాయి.