పెరటి గదికి నెట్ లాగుతున్నావట

చిన్నమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అల్లుడు ముందు గదిలో ఆఫీసు పని చేసుకుంటుంటే నువ్వు పెరటి గదిలో ఇంకో కంప్యూటర్ పెట్టుకుని అమెరికాలో ఉన్న మన పిల్లలకి తెలుగు నేర్పబోతున్నావట, ఇద్దరికీ ఆ ఒక్క నెట్ కనెక్షనే సర్దుకుంటారట. ఎంత సంతోషమేసిందో! ఆ వెంటనే "డాబా మీదుగా వైరు తనే లాగేసింది తమ్ముడూ, చివర్లకి క్లిప్పులు కూడా తనే కొట్టుకుంది" అని మురిసిపోతూ చెప్పింది చూడు, ఇక నాకు నిద్ర పట్టలేదు. అందుకే తెల్లారకుండానే కూర్చుని రాస్తున్నాను.

ముందు తేలిక సంగతులు. ఒకే ఇంట్లో రెండు కంప్యూటర్లయితే చెప్పడానికేం లేదు, ఫైబర్ వాళ్ళు పెట్టిన మోడెం వెనక ఖాళీ పోర్టులుంటాయి, ఒక్కోదానికి ఒక్కో వైరు గుచ్చితే పని అయిపోయినట్టే. వైఫై పాస్‌వర్డు పెట్టెమీద అచ్చు వేసి ఉన్నది మార్చెయ్. పాత రూటర్ ఏదైనా రెండోదిగా వాడితే దానిలో డీహెచ్‌సీపీ అనే సెట్టింగు, అంటే కంప్యూటర్లకి నెట్ అడ్రసులు పంచేది, ఆపెయ్, లేకపోతే రెండు పెట్టెలూ అడ్రసులు పంచడం మొదలుపెడతాయి, నెట్ ఉన్నట్టే ఉండి పనిచెయ్యదు. కరెంటు వైర్లున్న పైపులో నెట్ వైరు దూర్చకు. ఇంతే.

ఇక డాబా మీద వైరు సంగతి. ఎవరినడిగి లాగావు? ఒక్క ఫోన్ చేస్తే నేను చెప్పనా?

నీకు గుర్తుందా, 2006 మే నెల, నువ్వు ఏడో తరగతి అయిపోయి సెలవుల్లో ఉన్నావు. తెనాలిలో మీ ఇల్లూ మా ఇల్లూ సందుకి అటూ ఇటూ. మా ఇంటికి బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. మీ నాన్న అప్పుడు శుభలేఖలు, కరపత్రాలు కంపోజ్ చేసేవారు, పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో. ఆ పేజీలు మెయిల్లో గుంటూరు ప్రెస్సుకి పంపుకుంటే బస్సు ఖర్చు తప్పుతుంది కదా అని, నేనే ఉత్సాహపడి నా కంప్యూటర్లో నెట్ వైరు గుచ్చుకునే లాన్ కార్డు రెండోది పెట్టి, విండోస్ ఎక్స్‌పీలో నెట్ షేరింగ్ ఆన్ చేసి, రెండు కంప్యూటర్లని నేరుగా కలిపే క్రాసోవర్ కేబుల్ సందు మీదుగా లాగాను. ఆ పద్ధతిలో నా కంప్యూటర్ ఆన్‌లో ఉంటేనే మీ నాన్నకి నెట్. అప్పట్లో రాత్రి రెండింటి నుంచి పొద్దున ఎనిమిది దాకా నెట్ లెక్క లేకుండా వాడుకోనిచ్చేవాళ్ళు కాబట్టి, అలారం పెట్టుకుని లేచి నాది ఆన్ చేసేవాణ్ణి. సందుకి అటు పక్క కిటికీలో లైటు వెలిగేది. మీ నాన్న చెయ్యి ఊపేవారు. నా జీవితంలో మంచి రోజులవి.

ఆ వైరు జారకుండా మీ డాబా మీద టీవీ యాంటెన్నా ఇనప గొట్టానికి కట్టింది నేనే.

ఒక సాయంత్రం మబ్బు పట్టింది. ఉరుములు మొదలవగానే రెండిళ్ళలోనూ జాగ్రత్తగా కంప్యూటర్ల కరెంటు ప్లగ్గులు పీకేశాం. నెట్ వైరు పీకాలన్న ఆలోచన నాకు రాలేదు. అందులో కరెంటు ఉండదు కదా అనుకున్నాను. పిడుగు మా మీద పడలేదమ్మా, రెండు వీధుల అవతల కొబ్బరిచెట్టు మీద పడింది. అయినా అంత పొడుగు రాగి తీగ ఆరుబయట వేలాడుతుంటే చాలు, పక్కన ఎక్కడో పిడుగు పడ్డా దాంట్లోకి వోల్టేజి ఎగదన్నుతుంది. తెల్లారి మీ నాన్న సీపీయూ విప్పితే లాన్ కార్డు మీద చిప్పుకి సూది మొనంత చిల్లు, చుట్టూ నల్లటి మసి, ఇంకా మాడు వాసన వస్తోంది. మదర్‌బోర్డు పోయింది. హార్డ్‌డిస్కు కింద ఉండే బోర్డు కూడా పోయింది. రెండేళ్ళ డిజైన్లు, చేతిలో ఉన్న పెళ్ళిళ్ళ శుభలేఖలు, నువ్వు స్కాన్ చేయించుకున్న రథం ముగ్గు, అన్నీ.

నువ్వు ఆ ముగ్గు కోసం ఏడుస్తుంటే మీ నాన్న ఏమన్నారో గుర్తుందా? "హైవోల్టేజి వచ్చిందమ్మా, ఏం చేస్తాం" అన్నారు. మీ అమ్మకీ అదే చెప్పారు. నిజానికి కారణం ఆ వైరేనని ఆయనకి తెలుసు. నేను నోరు తెరవబోతే భుజం మీద చెయ్యి వేసి ఆపారు. తర్వాత పదకొండు రాత్రులు తెలిసినవాళ్ళ షాపులో కూర్చుని ఆ శుభలేఖలన్నీ మళ్ళీ టైపు చేశారు, నేను పక్కన కూర్చుని పేర్లు చదివి వినిపించాను. ఆయన పోయే ముందు కూడా ఆ మాట ఎత్తలేదు. ఇన్నేళ్ళూ నీకు చెప్పలేదు, ఇవాళ చెబుతున్నాను, నీ ముగ్గు పోగొట్టింది మావయ్యేనమ్మా.

ఇప్పుడు నువ్వు వైరు కట్టింది నీళ్ళ ట్యాంకు ఇనప స్టాండుకని అక్క చెప్పినప్పుడు నా గుండె ఎలా కొట్టుకుందో అర్థమైందా? డబ్బు పోతే పోయింది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ కంప్యూటర్ ముందు కూర్చునేది నువ్వు.

కాబట్టి ఇలా చెయ్. మోడెం పెరటివైపు కిటికీ దగ్గరికి జరిపించు. పెరటి గదిది రేకుల కప్పు కాబట్టి నీ టేబులు తలుపు పక్కన, ఇంటికి ఎదురుగా పెట్టుకో, రేకు సిగ్నల్‌ని ఆపేస్తుంది. వైఫై పేర్లలో 2.4 అని ఉన్నది ఎంచుకో, స్పీడు తక్కువైనా గోడ దాటి బాగా వస్తుంది, నీ క్లాసుకి అది చాలు. అది కూడా తెగిపోతుంటే మధ్యలో రాగి తీగ బదులు ఫైబర్ వేద్దాం, లోపల ఇనప తీగ లేని రకం, రెండు చివర్లా చిన్న కన్వర్టర్ పెట్టెలు. గాజులో వెళ్ళేది వెలుతురే గనక పిడుగు దాంట్లోంచి రాదు. ఆ ఖర్చు నాది, వద్దనకు.

క్లిప్పులు బాగా కొట్టావట, మొదటిసారే లైటు వెలిగిందట. నాకు ఆ ఎనిమిది రంగుల వరస కుదరడానికి ఎన్ని క్లిప్పులు పాడయ్యాయో! మీ నాన్న ఉంటే వీధంతా చెప్పుకునేవారు.

ఆదివారం పొద్దున బండికి వస్తున్నాను. ఆ వైరు నువ్వు ఎక్కి విప్పకు, డాబా పిట్టగోడ పొట్టిది, నేనొచ్చి విప్పుతాను. కానీ ఈ ఉత్తరం చదవగానే లేచి వెళ్ళి, దాని రెండు చివర్లూ మోడెంలోంచీ కంప్యూటర్లోంచీ పీకేసి, నాకు ఫోన్ చెయ్.

మీ మావయ్య